కొండ మొక్కకు మైదానంలో మర్యాదలు

అరకేరియా, తూజా, జూనిపర్‌.. ఇంటి ముందు నిలవాలంటే ఊరి ఎత్తు, నేల తీరు చూసుకోవాల్సిందే

కొత్తగా ఇల్లు కట్టుకున్నవారి గేటు పక్కన ఇప్పుడు రెండు మొక్కలు తప్పనిసరి అయిపోయాయి. ఒకటి, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు పరుచుకునే ‘క్రిస్మస్‌ చెట్టు’. రెండోది, దీపం వెలుగులా కోసుగా పైకి లేచే తూజా. బెంగళూరు నుంచి బళ్లారి దాకా, హోసూరు నుంచి బరంపురం దాకా తెలుగువారి ఇళ్ల ముందు ఇదే వరస. గృహప్రవేశం నాడు కళకళలాడిన మొక్క రెండో వేసవికి ఎర్రబారడం, మూడో వేసవికి పొయ్యిలోకి చేరడం కూడా అంతే మామూలైపోయింది. పాపం, నీళ్లు చాలలేదేమోనని రెండు పూటలా బిందెలకు బిందెలు పోస్తుంటారు. అలా పోసినవారి మొక్కలే ముందుగా పోతుంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఏవి ఆ జాతి? ఏవి కావు?

పువ్వు పూయకుండా, పొలుసులు పేర్చినట్టుండే శంకువుల్లో విత్తనం పెట్టే చెట్లను కోనిఫర్లు అంటారు. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో శృంగాకారపు చెట్లని చదువుకున్నవి ఇవే. ప్రపంచంలో 600కు పైగా రకాలున్నాయి. పైన్‌, దేవదారు, సైప్రస్‌, జూనిపర్‌, తూజా, అరకేరియా, పోడోకార్పస్‌ ఈ కోవలోవి. నూటికి తొంభై మంది ఇళ్లలో కనిపించేది వీటిలో రెండు మూడు రకాలే.

ఇవి ఎక్కువగా చల్లటి నేలల చెట్లు. దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్‌ ఒకే ఒక్కటి. పడమటి కనుమల తడి అడవుల్లో కనిపించే నాగేయా వల్లిచియానా. విచిత్రం ఏమిటంటే దానికి సూదుల్లాంటి ఆకులే ఉండవు, వెడల్పాటి ఆకులుంటాయి. మిగతావన్నీ మన నేలకు చుట్టపుచూపుగా వచ్చి స్థిరపడినవే. చుట్టానికి ఏం పడుతుందో, ఏం పడదో తెలుసుకుని మర్యాద చేయాలి కదా!

కోస్తాలో పెరిగినవారు సరుగుడును కూడా ఇదే జాతి అనుకుంటారు. కాదు. సరుగుడు పూలు పూసే చెట్టే. సూదుల్లా వేలాడేవి దాని సన్నటి రెమ్మలు. అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర పంటి మొనల్లా, కంటికి ఆననంత చిన్నగా ఉంటాయి. నర్సరీల్లో ‘అశోక’ అని అమ్మే, స్తంభంలా పెరిగే నరమామిడి కూడా కోనిఫర్‌ కాదు. ఈ తేడా తెలియకపోతే నష్టమేమిటని అడగొచ్చు. నరమామిడిని సగానికి కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. తూజాను అలా కొడితే ఇక అంతే.

ఊరి ఎత్తే కొలత

ఏ మొక్క కొనాలన్నది నర్సరీలో తేలే విషయం కాదు. సముద్ర మట్టానికి ఊరు ఎంత ఎత్తులో ఉందన్నది మొదట చూసుకోవాలి.

బెంగళూరు, కోలారు, చిక్కబళ్లాపుర, హోసూరు ప్రాంతాలు సుమారు 800 నుంచి 900 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వేసవిలో కూడా రాత్రికి కాస్త చల్లబడుతుంది. ఎర్రనేల కావడంతో నీరు నిలవదు. 1760లో హైదర్‌ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్‌లో అరకేరియాలు ఆకాశాన్ని అంటుతున్నాయంటే ఈ వాతావరణమే కారణం. ఇక్కడ అరకేరియా, తూజా, జూనిపర్‌, సైప్రస్‌ అన్నీ బాగానే వస్తాయి. జనవరి 26, ఆగస్టు 15 వేళల్లో లాల్‌బాగ్‌ పూల ప్రదర్శనకు చుట్టుపక్కల ఊళ్లవారు తరలివెళ్తారు. తిరిగొస్తూ చేతిలో మొక్క తెచ్చుకుంటారు. కోలారు వారికి, హోసూరు వారికి ఇబ్బంది లేదు. అదే మొక్కను బళ్లారి తీసుకెళ్తేనే కథ మారుతుంది.

బళ్లారి ఎత్తు బెంగళూరులో దాదాపు సగం. రాయచూరు, షోలాపూర్‌ కూడా అదే బాపతు. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైగా చాలాచోట్ల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది. వానాకాలం బంకలా మారి గాలి ఆడనివ్వదు. సింధనూరు, గంగావతి వైపు తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు రైతుల ఇళ్ల దగ్గర కాలువ ఊట, వరి మడి తేమ కూడా తోడవుతాయి. ఇలాంటి చోట నేలలో గుంత తీసి నాటడం కంటే అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దానిపై నాటడం మేలు. తూజా, జూనిపర్‌ ఈ పద్ధతిలో నిలబడతాయి. మధ్యధరా సముద్ర తీరం నుంచి వచ్చిన ఇటాలియన్‌ సైప్రస్‌కు పొడి ఎండ కొత్త కాదు. దానికి పడనిది వేళ్ల దగ్గర తడి.

యానాం, బరంపురం పరిస్థితి వేరు. ఎత్తు తక్కువ, గాలిలో తేమ ఎక్కువ. తూజా, జూనిపర్‌ల గుబురులో గాలి ఆడక తెగుళ్లు పట్టుకుంటాయి. అరకేరియాకు మాత్రం ఉప్పుగాలి లెక్క కాదు. దాని పుట్టిల్లే సముద్రం మధ్య దీవులు. అయితే ఉప్పగా ఉండే బోరు నీరు పోస్తే, పాదిలో వాన నీరు రోజుల తరబడి నిలిస్తే అదీ తట్టుకోదు. గోడ వెంట కంచెలా పెంచాలనుకుంటే పోడోకార్పస్‌ను మించింది లేదు. వేడిని ఓర్చుకుంటుంది, కొంత నీడనూ ఓర్చుకుంటుంది.

బరంపురం వారు విహారానికి దారింగిబాడి వెళ్లి పైన్‌ తోపులు చూసి ముచ్చటపడతారు. కంధమాల్‌ జిల్లాలోని ఆ ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి ఒక మొక్క తెచ్చి సముద్రపు ఒడ్డున నాటితే అదే తోపు వస్తుందనుకోవడం అత్యాశ. కొరాపుట్‌ వారు మాత్రం నిక్షేపంగా ప్రయత్నించవచ్చు.

ఈమధ్య ప్రతి నర్సరీలో కనిపిస్తున్న పసుపుపచ్చ ‘గోల్డ్‌క్రెస్ట్‌’ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తుంది. చూడగానే కొనాలనిపిస్తుంది. కాలిఫోర్నియా సముద్ర తీరపు చల్లదనంలో పుట్టిన సైప్రస్‌ రకమది. 2,200 మీటర్ల ఎత్తున్న ఊటీలో హాయిగా పెరుగుతుంది. బెంగళూరు, హోసూరుల్లో ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట కుండీలో నెట్టుకొస్తుంది. షోలాపూర్‌, బళ్లారి మేడ మీద పెడితే ఒక్క వేసవి దాటడం కూడా కష్టమే.

‘ఇది పెద్దగా పెరగదండీ’

అరకేరియా కొనేటప్పుడు వినిపించే మాట ఇది. కుండీలో ఉన్నంతకాలం నిజమే. నేలలో నాటితే 60 మీటర్ల దాకా పెరగగల జాతి ఇది. అంటే ఇరవై అంతస్తుల మేడ! ముప్పై, నలభై అడుగుల స్థలంలో, కాంపౌండు గోడకు మూడడుగుల దూరంలో, కరెంటు తీగల కింద దీన్ని నాటేస్తున్నారు. పదిహేనేళ్లు గడిచేసరికి తీగలకు తగులుతోందని పైన తల నరికేస్తారు. అక్కడితో దాని అందం పోతుంది, ప్రమాదం మాత్రం మిగులుతుంది.

ఈ చెట్టుకు పెద్ద చరిత్రే ఉంది. 1774లో కెప్టెన్‌ కుక్‌ నౌక పసిఫిక్‌ సముద్రంలో న్యూ కాలెడోనియా, నార్ఫోక్‌ దీవుల పక్కగా సాగింది. అప్పుడే ఈ చెట్లు బయటి ప్రపంచం కంటపడ్డాయి. నార్ఫోక్‌ దీవిది ఒక రకం, న్యూ కాలెడోనియాది మరో రకం. వేడి దేశాల్లో ‘నార్ఫోక్‌ పైన్‌’ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు రెండో రకమే. దీనికో వింత లక్షణం ఉంది. భూమధ్యరేఖ వైపు వాలుతుంది. ఐదు ఖండాల్లో 256 చెట్లను కొలిచి 2017లో శాస్త్రవేత్తలు ఈ సంగతి ప్రచురించారు. సగటు వాలు 8.55 డిగ్రీలు. మన దేశం ఉత్తరార్ధగోళంలో ఉంది కాబట్టి ఇక్కడి చెట్టు దక్షిణం వైపు ఒరుగుతుంది. ఇంటికి ఉత్తరాన నాటితే పెద్దయ్యాక అది ఒరిగేది ఇంటి మీదికే అన్నమాట. ఇంటికి దక్షిణంగానో, పక్కగానో కనీసం పాతిక అడుగుల దూరం ఉంటేనే నేలలో నాటాలి. లేకపోతే కుండీయే క్షేమం.

బరంపురం పక్కనే గోపాల్‌పూర్‌ వద్ద 2013 అక్టోబరులో ఫైలిన్‌ తుపాను తీరం దాటింది. తూర్పు తీరంలో ఏ చెట్టు నాటినా గాలిని లెక్కలో వేసుకోవాలి. కవర్లో ఏళ్ల తరబడి ఉండి వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయిన మొక్క నేలలో నాటినా లోతుగా పట్టు దొరకదు. పెద్ద గాలికి మొదలంటా పెళ్లగిల్లుకొస్తుంది.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. నడిమి కొన విరగకుండా ఉందా? అది విరిగితే అంతస్తుల పొందిక మళ్లీ రాదు. కుండీలో ఒకే మొక్క ఉందా? గుబురుగా కనిపించేందుకు నాలుగైదు మొలకలు కలిపి పెడుతుంటారు. పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి అణిచేసుకుంటాయి. పక్క కొమ్మ కత్తిరించి పెంచిన అంటా? ఆ అంటు నిటారుగా ఎదగదు, జన్మంతా పక్కకే పాకుతుంది. విత్తనం మొక్కే తీసుకోవాలి.

చచ్చినా పచ్చగానే..

మందారానికి నీరు తక్కువైతే సాయంత్రానికల్లా ఆకు వాలుస్తుంది. చెంబెడు నీళ్లు పోస్తే లేచి కూర్చుంటుంది. కోనిఫర్లకు ఆ గుణం లేదు. వీటి ఆకులు గట్టివి, పైన మైనపు పూత. వేళ్లు కుళ్లిపోయాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తాయి. ఎర్రబారడం కనిపించేసరికి లోపల పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అది చూసి నీళ్లు లేకనే అనుకుని మరింత పోస్తారు. ఉన్న నాలుగు వేళ్లూ పోతాయి.

అందుకే ఆకును కాదు, మట్టిని చూడాలి. పాదిలో రెండంగుళాల లోతుకు వేలు దించితే తెలిసిపోతుంది. తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు. పొడిగా ఉంటే నిండుగా ఒక బకెట్‌ పోయాలి. రోజూ చెంబెడు చల్లడం కంటే వేసవిలో వారానికి రెండు మూడుసార్లు లోతుగా తడపడం మేలు. వేళ్లు కిందికి దిగుతాయి. వానలు పడుతున్నప్పుడు అసలు ముట్టుకోనక్కర్లేదు.

అన్ని ఎర్రటి ఆకులూ చావు కబురు కావు. కొమ్మ లోపలి వైపు, కాండానికి దగ్గరగా ఉండే పాత ఆకులు రాలడం సహజం. కొసలు ఎర్రబారితేనే కంగారు పడాలి. తూజా, జూనిపర్‌లు మార్చి, ఏప్రిల్‌ నెలల్లో దుమ్ము పట్టినట్టు వెలిసిపోతే ఎర్రనల్లి కావచ్చు. తెల్ల కాగితం పట్టి కొమ్మను దులిపితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. పొద్దున్నే గొట్టంతో నీటిని గట్టిగా కొట్టి గుబురు లోపలిదాకా కడిగితే చాలావరకు పోతుంది. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

నాటేటప్పుడే సగం పని

కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాల్లో తొలకరి పడ్డాక జూన్‌, జులై నెలలు అనుకూలం. తమిళనాడు వైపు ఈశాన్య రుతుపవనాల ముందు కూడా నాటుకోవచ్చు. ఎండాకాలంలో మాత్రం వద్దు.

నర్సరీలో షేడ్‌నెట్‌ కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెడితే ఒకవైపు మాడిపోతుంది. రెండు వారాలు చెట్టు నీడన ఉంచి, రోజుకు కాస్త కాస్త ఎండ చూపించాలి. తూర్పుగోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు యానాంకే కాదు, పొరుగు రాష్ట్రాలకూ చేరుతున్నాయి. గోదావరి ఒండ్రుమట్టి గడ్డతో వచ్చిన మొక్కను ఎర్రనేలలో అలాగే దించితే ఆ గడ్డ వేరే మట్టిలో కలవదు. ఒక్కోసారి నీరు బయటే జారిపోయి లోపల రాయిలా ఎండుతుంది. ఒక్కోసారి తడి లోపలే చిక్కుకుంటుంది. గడ్డ చుట్టూ ఒక అంగుళం మేర మట్టిని వేళ్లతో వదులు చేసి, చుట్టుకున్న వేళ్లను విప్పి నాటాలి.

గుంత రెండడుగుల వెడల్పు ఉంటే చాలు. మొక్కను కవర్లో ఉన్న మట్టం కంటే లోతుగా పాతకూడదు. కాండం మొదలు మట్టిలో కూరుకుపోతే అక్కడే కుళ్లు మొదలవుతుంది. బాగా మాగిన ఎరువు ఒక తట్ట చాలు. పచ్చి పేడ, యూరియా జోలికి వెళ్లొద్దు. మెత్తటి లేత కొమ్మలు వచ్చి పురుగును పిలుస్తాయి. పాదిలో కొబ్బరి పీచు, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు మూడంగుళాల మందాన పరిస్తే వేసవిలో వేళ్లు చల్లగా ఉంటాయి. కాండం చుట్టూ నాలుగంగుళాలు మాత్రం ఖాళీ వదలాలి. చెదలు ఉన్నచోట ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

కత్తెర పెట్టేముందు

తూజా, సైప్రస్‌, జూనిపర్‌లకు ఆకుల్లేని పాత కట్టె నుంచి చిగురు రాదు. బోడిగా కత్తిరిస్తే ఆ బోడితనం శాశ్వతం. అందుకే కంచెను చిన్నప్పటి నుంచే ఏడాదికి ఒకటి రెండుసార్లు పచ్చటి కొసలు మాత్రమే తీస్తూ రావాలి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండేలా కత్తిరించాలి. పైభాగం వెడల్పైతే కింది కొమ్మలకు ఎండ తగలక ఎండిపోతాయి. పోయిన కింది కొమ్మ తిరిగి రాదు. అరకేరియాకూ అంతే. వాకిలి ఊడవడానికి అడ్డమని కింది అంతస్తు కోసేస్తే ఆ చోటు ఎప్పటికీ ఖాళీయే. పోడోకార్పస్‌ ఒక్కటి కాస్త దయగలది. గట్టిగా కొట్టినా మళ్లీ చిగురిస్తుంది.

కత్తిరించిన కొమ్మలను పశువుల ముందు వేయకూడదు. గోల్డ్‌క్రెస్ట్‌ జాతి సైప్రస్‌ ఆకులు మేసిన చూడి ఆవులకు గర్భస్రావమయ్యే ప్రమాదముంది. తూజా ఆకూ విషమే. ఎండిన కొమ్మల్లో జిగురు ఉంటుంది కనుక నిప్పురవ్వ పడితే భగ్గుమంటాయి. దీపావళి ముందు కంచె లోపల పేరుకున్న ఎండు రెమ్మలను దులిపేయాలి.

చెట్టు పెద్దదై కొట్టక తప్పని పరిస్థితి వస్తే గొడ్డలి తీసే ముందు కాగితం పని ఉంటుంది. కర్ణాటకలో 1976 నాటి, మహారాష్ట్ర పట్టణాల్లో 1975 నాటి వృక్ష సంరక్షణ చట్టాలు అమల్లో ఉన్నాయి. కొన్ని జాతులకు మినహాయింపులున్నా, సొంత పెరట్లో చెట్టయినా ముందుగా అధికారిని అడిగి అనుమతి తీసుకోవడం మంచిది.

గుర్తుంచుకోవాల్సినవి

* చల్లటి ఎత్తైన ఊళ్లు: అరకేరియా, తూజా, జూనిపర్‌, సైప్రస్‌.
* ఎండ ఊళ్లు, నల్లరేగడి: దిబ్బపై తూజా, జూనిపర్‌, ఇటాలియన్‌ సైప్రస్‌.
* సముద్ర తీరం: జాగా ఉంటే అరకేరియా, కంచెకు పోడోకార్పస్‌.
* కంచెగా తూజా నాటితే మొక్కకూ మొక్కకూ మూడడుగులు, గోడకు మూడడుగులు.
* ఇంట్లో కుండీలో అరకేరియా ఉంటే వెలుతురున్న కిటికీ పక్కన పెట్టి, వారానికోసారి పావు వంతు తిప్పాలి. లేకుంటే ఒకవైపే పెరుగుతుంది.
* క్రిస్మస్‌కు చెట్టు కొట్టి తేవడం కంటే కుండీలోదాన్నే అలంకరించుకుంటే ఏటా పనికొస్తుంది. వేడెక్కని ఎల్‌ఈడీ దీపాలే వాడాలి.

జాగా చాలకపోయినా, ఎండ మరీ ఎక్కువైనా చిన్నబుచ్చుకోనక్కర్లేదు. గేటుకు అటూ ఇటూ పచ్చటి స్తంభాలే కావాలంటే నరమామిడి ఉంది. మన నేలకు అలవాటైన చెట్టు, తప్పు చేసినా ఓర్చుకుంటుంది. కోనిఫర్‌కు ఆ ఓర్పు లేదు. దానికి తగిన చోటు ఇస్తే మాత్రం నాటినవారి మనవలు కూడా దాని నీడన ఆడుకుంటారు.